భాషా టీచర్లకు శిక్షణ ఇచ్చేవారిని ఈ పనిలో నిలబెట్టేది ఏమిటి?

విద్యార్థులకు నేరుగా పరభాష నేర్పే ఆనందాన్ని వదులుకుని, టీచర్లను తయారుచేసే పనిలో కొందరు ఏళ్ల తరబడి ఎందుకు ఉండిపోతారని అడిగారు. అలా ఉండిపోయినవారిలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

హోదా, కాస్త ఎక్కువ జీతం కొందరిని ఇటు రప్పిస్తాయి. అవి ఎంతోకాలం పట్టి ఉంచవు. నన్ను పట్టి ఉంచింది, శిక్షణలో ఉన్న టీచరు చెప్పే పాఠం చూశాక ఆ టీచరుతో కూర్చుని మాట్లాడే కాసేపు.

ఒక టీచరు ఎంతో శ్రద్ధగా ప్రణాళిక రాసుకుని వచ్చారు. బొమ్మ చూపించి ప్రశ్న అడిగేవారు, విద్యార్థులు నోరు తెరిచేలోపే జవాబు తానే చెప్పేసేవారు. నేను వెనక కూర్చుని ప్రతి ప్రశ్నకు ఎంతసేపు ఆగారో రాసుకున్నాను. తరవాత ఏమీ అనకుండా ఆ కాగితం ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "వీళ్లకు రాదనుకున్నాను. అసలు ఆలోచించుకోనిచ్చానా?" అన్నారు. తరవాతి పాఠంలో ప్రశ్న అడిగి ఆగారు. ఆ నిశ్శబ్దం ఆమెకు ఎంత కష్టంగా ఉందో ముఖంలోనే తెలుస్తోంది. చివరి వరుసలో ఎప్పుడూ పెదవి విప్పని అబ్బాయి తడబడుతూ ఒక పూర్తి వాక్యం చెప్పాడు. క్రియ తప్పే, అయినా వాక్యం అతనిదే. అతనికి నేనెవరో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. నాకు దొరికే ప్రతిఫలం ఇలాంటిదే.

1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతులను గమనించి, టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని చూపారు. పరాయి భాషలో మాటలు వెతుక్కునేవారికి ఆ వ్యవధి మరింత అవసరం.

అలవాటు అంత సులువుగా మారదు. అమెరికాలో బడి చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి దాదాపు 13,000 గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో రాశారు. ఏ దేశంలోనైనా కొత్త టీచరు చిన్నప్పుడు చూసిన బోధననే మనసులో మోసుకుని వస్తారు. దాన్ని కొద్ది వారాల్లో కదిలించాలి. నాకు పట్టుదల పెంచేది ఈ కష్టమే.

ఇంకొకటి, ఈ పనిలో నా చదువు ఆగదు. శిక్షణ మొదట్లో, ఎవరికీ రాని భాషలో ఒక చిన్న పాఠం పెడతాం. చదువుకున్న పెద్దలు "నా పేరు" అనడానికి కూడా తడుముకుంటారు. వాళ్లను చూసినప్పుడల్లా మొదలుపెట్టేవాళ్ల భయం నాకు మళ్లీ కొత్తగా అర్థమవుతుంది.

ఉత్సాహాన్ని చంపేవీ ఉన్నాయి. సొంత నిర్ణయానికి చోటు, పని చేతనైందన్న నమ్మకం, తోటివారితో అనుబంధం ఉన్నచోట ప్రేరణ నిలుస్తుందని డెసీ, రయాన్ అనే మనస్తత్వవేత్తలు అంటారు. నా అనుభవంలో ముందుగా పోయేది మొదటిదే. టిక్కులు పెట్టే ఫారాలు చేతికిచ్చి, టీచరుతో మాట్లాడే సమయం లాగేసుకుంటే మంచి శిక్షకులు కూడా వెళ్లిపోతారు. అలా వెళ్లినవారిని చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీకు ఇటు రావాలని ఉంటే, తోటి టీచరు అనుమతితో ఒక పాఠం చూడండి. తరవాత మీ సలహాలు పక్కన పెట్టి, పాఠం ఎలా జరిగిందో ముందు ఆ టీచరునే చెప్పనివ్వండి. వింటున్నంతసేపు మీకు ఆసక్తిగా అనిపిస్తే ధైర్యంగా రండి.