పడవలో లిథియం బ్యాటరీ పెట్టుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

తెరచాప పడవలో పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెడుతున్నానని రాశావు. మంచి పనే. బరువు సగానికి సగం తగ్గుతుంది, చార్జింగ్ కోసం గంటల తరబడి ఇంజిన్ తిప్పే బాధ పోతుంది. కానీ "పాతవి తీసి అదే చోట ఇవి పెట్టేస్తే చాలట" అని ఒక ముక్క రాశావు చూడు, అది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. నాకు అమ్మినవాడూ అదే మాట చెప్పాడు. నమ్మి, మూడు వారాలు తిరక్కుండా ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) కాల్చుకున్నాను.

ఆ రోజు గాలి పడిపోయింది. ఇంజిన్‌ని నిదానంగా తిప్పుకుంటూ వెళ్తున్నాను. అరగంటకు కాలిన వార్నిష్ వాసన. మూత తీసి చూస్తే ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ "ఇక చాలు" అంటూ కరెంటు తీసుకోవడం తనే తగ్గించుకుంటుంది. లిథియానికి ఆ మొహమాటం లేదు. వడ్డించినంతా తింటుంది, దాదాపు నిండేదాకా అదే ఆకలితో తింటుంది. పైగా ఆల్టర్నేటర్‌ని చల్లబరిచే ఫ్యాన్ దాని ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే గాలి కూడా తక్కువే. పని నిండుగా, గాలి అరకొరగా. కాలకేం చేస్తుంది?

అందుకని ఆల్టర్నేటర్ తీగని లిథియానికి నేరుగా కలపకు. ఆల్టర్నేటర్ ఇంజిన్ స్టార్ట్ చేసే లెడ్ యాసిడ్ బ్యాటరీకి పోవాలి, అక్కడి నుంచి, కరెంటుని హద్దులో ఉంచి పంపే డీసీ టు డీసీ చార్జర్ ద్వారా 30 ఆంప్స్ చొప్పునో 40 చొప్పునో లిథియానికి రావాలి. ఇంకా ఎక్కువ కావాలంటే వేడిని కనిపెట్టే సెన్సర్ ఉండి, ఆల్టర్నేటర్‌ని అదుపు చేసే బయటి రెగ్యులేటర్ పెట్టించు. ఏది పెట్టినా, మొదటి ప్రయాణంలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చేత్తో పట్టుకుని పది నిమిషాలకోసారి ఆల్టర్నేటర్ వేడి చూడు. నేనైతే 100 డిగ్రీలు కనిపించగానే కరెంటు తగ్గిస్తాను.

రెండో నష్టం నాకు బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్స్‌ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) మీద నమ్మకం వల్ల వచ్చింది. బ్యాటరీలో బీఎంఎస్ ఉంది కదా, ఎక్కువైతే అదే ఆపేస్తుంది అనుకున్నాను. ఆపింది నిజమే. ఆల్టర్నేటర్ నిండుగా తోస్తున్న సమయంలో ఠక్కున తలుపు మూసేసింది. ఆ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరింది. ఆల్టర్నేటర్ డయోడ్లు పోయాయి, వాటితోపాటు చార్ట్ చూపించే తెర, రేడియో కూడా. బీఎంఎస్ అనేది ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు అడ్డుపడే చివరి కాపలాదారురా. రోజువారీ చార్జింగ్ ఆపే బాధ్యత చార్జర్‌ది, రెగ్యులేటర్‌ది, సోలార్ కంట్రోలర్‌ది. బీఎంఎస్ మాటిమాటికీ ఆపుతోందంటే నీ సెట్టింగుల్లో తప్పుందని అర్థం. తలుపు మూసే ముందు రెగ్యులేటర్‌కి హెచ్చరిక పంపే బీఎంఎస్‌లు ఉన్నాయి, ఖరీదెక్కువైనా అదే కొను. ఇంకో సంగతి, అది ఆపేసిన క్షణంలో రాత్రి దీపాలు, ఆటోపైలట్ కూడా ఆరిపోవచ్చు. రాళ్ల పక్కన వెళ్తుండగా ఆ చీకటి వద్దు. దీపాలకీ రేడియోకీ స్టార్ట్ బ్యాటరీ నుంచి వేరే దారి ఉంచుకో.

ఇక సెట్టింగుల మాట. నువ్వు కొన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే కదా, 12 వోల్టులది? అందులో నాలుగు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 3.65 వోల్టులు దాటకూడదు, అంటే మొత్తం 14.6. అంతదాకా తీసుకెళ్లాల్సిన అవసరమూ లేదు. నేను 14.2 దగ్గర ఆపేస్తాను, ఫ్లోట్ (నిండాక చార్జర్ పట్టి ఉంచే వోల్టేజీ) 13.5 మించనివ్వను. నీ బ్యాటరీతో వచ్చిన పుస్తకంలో వేరే అంకెలుంటే అవే పెట్టు. పాత చార్జర్‌లో ఈక్వలైజ్ అనే మీట ఉంటుంది, వోల్టేజీని 15 పైకి తీసుకెళ్తుంది, దాన్ని శాశ్వతంగా ఆపెయ్. రేవులో కట్టేసి నెలల తరబడి వదిలేసేటప్పుడు చార్జర్ తగిలించి ఉంచకు. సగం చార్జ్‌లో ఉంచి అన్నీ ఆపేసి వెళ్లు. లెడ్ యాసిడ్‌ని నిండుగా ఉంచాలి, ఇది సగంలోనే సుఖంగా ఉంటుంది. ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెప్పలేవు, చాలాసేపు 13.2 దగ్గరే నిలబడి ఉంటుంది, కాబట్టి షంట్ (వచ్చే పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న మీటర్ పెట్టుకో. చలి ప్రాంతాలకి వెళ్తే సున్నా డిగ్రీల కింద చార్జ్ చెయ్యకు, లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. వాడుకోవడం వరకు ఫర్వాలేదు. అలాగని వెచ్చగా ఉంటుందని తీసుకెళ్లి ఇంజిన్ గదిలో పెట్టకు.

ఫ్యూజ్ దగ్గర పిసినారితనం చెయ్యకు. ఈ బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంప్స్ వదులుతుంది, మామూలు ఫ్యూజ్ కాలినా లోపల నిప్పురవ్వ ఆరకుండా కరెంటు పోతూనే ఉంటుంది. క్లాస్ టీ ఫ్యూజ్ 20,000 ఆంప్స్‌ని కూడా తెంచగలదు. దాన్ని బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సాధారణంగా 7 అంగుళాల లోపు అంటుంది. ఉప్పుగాలికి వదులైన టెర్మినల్ కూడా వేడెక్కుతుంది, నెలకోసారి స్పానర్ పెట్టి చూడు.

నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది నువ్వు కొన్న పెద్ద బ్యాటరీ కాదు. ఫోన్లు, డ్రోన్, మడత సైకిల్, డ్రిల్లింగ్ మిషన్, వీటి చిన్న బ్యాటరీలు. వీటిలో చాలావాటి రసాయనం వేరు, తేలిగ్గా అంటుకుంటాయి. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు తగలబడి 34 మంది పోయారు. అందరూ నిద్రలో ఉండగా, మేలుకుని పడవంతా తిరిగి చూసే మనిషి లేడు. నిప్పు ఎలా పుట్టిందో తేల్చలేకపోయారు గానీ, చార్జింగ్‌లో పెట్టిన పరికరాలు ఉన్న హాలు వైపే విచారణ చూపు పడింది. అందుకని నా పడవలో నిద్రపోయే ముందు అన్ని చిన్న చార్జర్లూ ప్లగ్ తీయాల్సిందే. చుట్టాలొచ్చినా ఇదే రూలు, ఒకరిద్దరు మూతి ముడుచుకున్నారు కూడా. పరుపు మీద, మెట్ల దారిలో ఏదీ చార్జ్ చెయ్యనివ్వకు. పొగ అలారం పెట్టించు. తడిసిందో, ఉబ్బిందో, కింద పడిందో అయితే దాన్ని చార్జ్ చెయ్యడం మానేసి డెక్ మీదికి తెచ్చెయ్.

తీగలన్నీ కలిపాక, మెయిన్ స్విచ్ వెయ్యకముందే ఫ్యూజ్ పెట్టిన చోటు, ఆల్టర్నేటర్ వైరు వెళ్లిన దారి రెండూ ఫొటోలు తీసి పంపు. నేను చూశాకే లంగరెత్తుదువుగాని.

మీ మామయ్య