బస్తా గోడౌన్‌లోనే ఉండనీ

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. నాన్న ఎరువుల కొట్టుకి యాప్ చేస్తానన్నావు. రైతు తెగులు పట్టిన ఆకుని ఫోటో తీసి పంపితే కొట్లో కంప్యూటర్‌లో కనబడాలి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ అన్నింటికీ స్క్రీన్లు ఒకటే ఉండాలి. నీకు వచ్చింది వెబ్ పని. బాగానే ఉంది.

"ఏ ఫ్రేమ్‌వర్క్ వాడను బాబాయ్" అన్నావు. ఫోన్లకి క్యాపాసిటర్, కొట్లో కంప్యూటర్‌కి టౌరి. వెబ్ పేజీలని యాప్‌గా మార్చే పనిముట్లు ఇవి. ఎలక్ట్రాన్ కూడా పనికొస్తుంది గానీ, అది ప్రతి యాప్‌తోనూ ఒక క్రోమియంని, అంటే ఒక బ్రౌజర్‌ని, మోసుకొస్తుంది. టౌరి అయితే విండోస్ 11లో ముందే ఉండే వెబ్‌వ్యూ2ని (యాప్ లోపల వెబ్ పేజీని చూపించే భాగం) వాడుకుంటుంది. కాస్త రస్ట్ భాష నేర్చుకోవాలి, అంతే. ఇక్కడే ఆగిపోయి నెలరోజులు పోలికలు చూస్తూ కూర్చోకు. నేను ఫోన్‌గ్యాప్‌తో మొదలుపెట్టినవాణ్ణి. 2011లో అడోబీ దాన్ని తీసుకుంది, కోడ్ అపాచీకి వెళ్లి కార్డోవా అయింది, 2020లో అడోబీ ఫోన్‌గ్యాప్‌ని వదిలేసింది. పేర్లు అలా మారుతూనే ఉన్నాయి. లోపలి ఏర్పాటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ముందు పేజీని చూపించే వెబ్‌వ్యూ, వెనక ఫోన్‌తోనో కంప్యూటర్‌తోనో నేరుగా మాట్లాడే నేటివ్ కోడ్, మధ్యలో ఆ రెండిటినీ కలిపే బ్రిడ్జి.

నేను దెబ్బతిన్నదల్లా ఆ బ్రిడ్జి దగ్గరే.

ఒకసారి సర్వే యాప్ ఒకటి చేశాను. ఫోటో తియ్యగానే నేటివ్ కోడ్ దాన్ని బేస్64లోకి మార్చి పేజీకి ఇచ్చేది. బొమ్మని అలా అక్షరాల్లోకి మారిస్తే మూడోవంతు బరువు పెరుగుతుంది, 6 ఎంబీ ఫోటో 8 ఎంబీ అవుతుంది. ఆ 8 ఎంబీ నేటివ్ వైపు ఒక కాపీ, పేజీ వైపు ఒక కాపీ, సర్వర్‌కి పంపేటప్పుడు ఇంకో కాపీ. నా ఫోన్‌లో హాయిగా నడిచింది. ఊళ్లలో 1 జీబీ ర్యామ్ ఫోన్లలో మూడో ఫోటోకో నాలుగో ఫోటోకో యాప్ మూసుకుపోయేది. నేనేమో రెండు వారాలు సిగ్నల్‌ని తిట్టుకుంటూ గడిపాను.

నాన్న కొట్లో ఏం చేస్తాడో చూడు. బస్తా గోడౌన్‌లోనే ఉంటుంది, కౌంటర్ దగ్గర చీటీ రాసిస్తాడు. యూరియా బస్తాని ఎవరూ కౌంటర్ మీదికి ఎత్తరు. ఫోటో కూడా అంతే, ఫైల్‌గా నేటివ్ వైపే ఉండనీ. క్యాపాసిటర్ కెమెరా ప్లగిన్‌ని బేస్64 అడక్కు, యూఆర్ఐ అడుగు, అంటే ఫైల్ చిరునామా. అది ఇచ్చే వెబ్‌పాత్‌ని నేరుగా ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టుకోవచ్చు. సైజు తగ్గించడం, అప్‌లోడ్ చెయ్యడం కూడా వెనకవైపే కానివ్వు.

కెమెరాతో ఇంకో తంటా ఉంది. చిన్న ఫోన్‌లో కెమెరా తెరవగానే మెమరీ చాలక ఆండ్రాయిడ్ నీ యాప్‌నే ఆపేస్తుంది. రైతు ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేసరికి పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది, కష్టపడి నింపిన ఫారం ఖాళీ! అందుకే కెమెరా బటన్ నొక్కగానే ముందు ఫారం సేవ్ చెయ్యి, ఆ తర్వాతే కెమెరా తెరువు. పోయిందనుకున్న ఫోటో క్యాపాసిటర్‌లో 'యాప్ రిస్టోర్డ్ రిజల్ట్' అనే ఈవెంట్‌లో వస్తుంది, దాన్ని వింటూ ఉండాలి. డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' ఆన్ చేస్తే ఈ గొడవంతా నీ ఫోన్‌లోనే చూడొచ్చు. సేవ్ చేసేది వెబ్‌వ్యూ లోకల్ స్టోరేజ్‌లో కాదు సుమా, చోటు తగ్గితే సిస్టమ్ దాన్ని తుడిచెయ్యొచ్చు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టు.

ఇక తెలుగు. ఇంగ్లీషులో టెస్ట్ చేసి తెలుగువాళ్లకి ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 'సత్యనారాయణమూర్తి' తీసుకో. కంటికి ఎనిమిది అక్షరాలు. పేజీలోని జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ (పొడవు) అడిగితే 16 అంటుంది, గుణింతాలూ పొల్లులూ విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. అదే పేరు బ్రిడ్జి దాటి రస్ట్‌లోకి వెళ్తే 48, అక్కడ లెన్ అంటే బైట్లు. రెండువైపులా 40 అని హద్దు పెట్టావనుకో, పేజీ సరేనంటుంది, వెనకవైపు కాదంటుంది, కొట్లో నాన్నకి 'ఎర్రర్' అని మాత్రం కనబడుతుంది. హద్దు లెక్క ఒక్కచోటే పెట్టు. లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.6 దాకా ఇవ్వు, లేకపోతే 'రాష్ట్రం' కింద వత్తులు తెగిపోతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ని యాప్‌లోనే పెట్టి పంపు, ఫోన్‌కో తీరు కాకుండా ఉంటుంది.

బ్రిడ్జి మీద ఏ పనులు బయటపెడుతున్నావో లెక్క ఉండాలి. 'ఫోటో తియ్యి', 'బిల్లు ప్రింట్ చెయ్యి' లాంటివి సరే. 'ఈ కమాండ్ నడుపు' అనేది మాత్రం రాయకు. ఆండ్రాయిడ్ 4.2కి ముందు, యాప్ ఒక్క జావా ఆబ్జెక్ట్‌ని పేజీకి అప్పగిస్తే చాలు, పేజీలోని స్క్రిప్ట్ దాన్ని పట్టుకుని కావలసిన జావా మెథడ్లన్నీ పిలిచేది. ఇప్పుడు అనుమతి గుర్తు పెట్టిన మెథడ్లే అందుతాయి. అయినా బయటి సైట్ ఏదైనా చూపించాలంటే మామూలు బ్రౌజర్‌లో తెరువు, నీ వెబ్‌వ్యూలోకి రానివ్వకు. యాపిల్‌వాళ్లు సైట్‌కి ముసుగు తొడిగి తెచ్చిన యాప్‌ని తమ యాప్ స్టోర్ 4.2 నియమం చూపించి తిప్పి పంపుతారు. నీకు కెమెరా, ఆఫ్‌లైన్ ఉన్నాయి కాబట్టి దానికి టెన్షన్ పడక్కర్లేదు.

చివరగా, నీ యాప్ నడిచేది నీ ల్యాప్‌టాప్ క్రోమ్‌లో కాదు. ఆండ్రాయిడ్ 5 నుంచి వెబ్‌వ్యూ ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతోంది. వాట్సాప్ వీడియోలతో నిండిపోయిన ఫోన్‌లో ఆ అప్‌డేట్‌కి చోటేదీ? ఐఫోన్‌లో ఐఓఎస్‌తోపాటే వస్తుంది. యాప్ తెరవగానే ఏ వెబ్‌వ్యూ వెర్షన్ మీద నడుస్తోందో లాగ్‌లో రాసుకో.

నీ దగ్గర మంచి ఫోనే ఉందని తెలుసు, అందుకే నా పాత ఫోన్ రేపు కొరియర్‌లో వేస్తున్నాను. 1 జీబీ ర్యామ్, స్క్రీన్ ఓ మూల పగిలింది. ఛార్జర్ పిన్ వదులు, కొంచెం ఎడమవైపుకి వంచి పెడితే ఎక్కుతుంది.

మీ బాబాయ్