గచ్చులో చిప్స్, కొండ మీద తునకలు

ప్రశ్న: మా ఇంటి హాల్లో మామగారు వేయించిన మొజాయిక్ గచ్చు ఉంది. మా అమ్మాయి ఎమ్మెస్సీ పుస్తకంలో ‘ల్యాండ్‌స్కేప్ మొజాయిక్’ అనే మాట చూశాను. గచ్చుకీ అడవికీ ఒకే పేరేమిటి?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకోసమే రాసినట్టుంది. మా నాన్న పర్లాకిమిడిలో మొజాయిక్ మేస్త్రీ. నేను ముప్పై ఏళ్లు బోటనీ పాఠం చెప్పాను. మీరడిగిన రెండూ మా ఇంట్లో ఒకే కంచంలో తిన్నాయి.

ముందు గచ్చు. నాన్న గదిని గాజు పట్టీలతో చదరాలుగా విడగొట్టేవాడు. వైట్ సిమెంట్లో రంగు, పాలరాతి చిప్స్ కలిపి తాపీతో పరిచేవాడు. ఆపైన గుప్పెడు చిప్స్ తీసుకుని, చోడి విత్తనం జల్లినట్టు జల్లేవాడు. రోలర్ తిప్పాక మోకాళ్ల మీద కూర్చుని, తల పక్కకి వంచి వెలుతురుకి ఎదురుగా చూసేవాడు. నల్ల చిప్స్ నాలుగు ఒక్కచోట పడితే తాపీ మొనతో రెండు పైకి లేపి ఇంకోచోట నొక్కేవాడు. “ఎవరు చూస్తారు నాన్నా?” అని అడిగితే “పాలిష్ అయ్యాక అదే కనిపిస్తాదిరా” అనేవాడు.

ఈ పని చాలా పాతది. ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో క్రీ.పూ. 4వ సహస్రాబ్దిలోనే మట్టితో మేకుల్లాంటివి చేసి, కాల్చి, తలలకి ఎరుపు, నలుపు, తెలుపు రంగులేసి గోడ పూతలో వరసగా గుచ్చారు. గ్రీకుల పెల్లా నగరంలో క్రీ.పూ. 4వ శతాబ్దంలో గులకరాళ్లని రంగు చూసి ఏరి వేట బొమ్మలు పేర్చారు. ఇటలీలోని పాంపేయిలో ఒక ఇంటి నేల మీద అలెగ్జాండర్, పర్షియా రాజు దరియస్‌ల యుద్ధం బొమ్మ 1831లో బయటపడింది. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఆరు మీటర్లకి కాస్త తక్కువ పొడవున్న ఆ బొమ్మలో పది లక్షలకు మించి రాళ్లున్నాయి. అందులోంచి ఒక రాయి తీసి అరచేతిలో పెట్టుకుంటే చిన్న గోధుమరంగు ముక్క, అంతే. పక్కన ఏ రాయి ఉందో దాన్నిబట్టే అది గుర్రం కన్నో, ఈటె నీడో అవుతుంది.

అడవికి ఈ పేరు ఎందుకొచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. 1939లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ ట్రోల్, విమానం నుంచి తీసిన ఫొటోలు పరిశీలిస్తూ ‘ల్యాండ్‌స్కేప్ ఎకాలజీ’ అనే మాట పుట్టించాడు, అంటే నేల తీరుకీ అక్కడి జీవులకీ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రం. పైనుంచి చూస్తే అడవి, పొలం, చెరువు, ఊరు అన్నీ తునకలే; ఆ తునకల కూర్పే ల్యాండ్‌స్కేప్ మొజాయిక్. 1986లో అమెరికాలో రిచర్డ్ ఫోర్మన్, ఫ్రాన్స్‌లో మిషెల్ గోడ్రాన్ కలిసి దీనికి ఒక చట్రం ఇచ్చారు: ప్యాచ్ అంటే తునక, కారిడార్ అంటే తునకల్ని కలిపే పట్టీ, మ్యాట్రిక్స్ అంటే వాటి చుట్టూ పరుచుకున్న నేల. నాన్న లెక్కలో చెప్పాలంటే చిప్స్, పట్టీ, సిమెంట్.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. గచ్చులో పట్టీ ఉన్నది విడదీయడానికి, ఒక చదరంలో వచ్చిన పగులు పక్క చదరంలోకి పాకకుండా. కొండ మీద గెడ్డ (వాగు) పొడవునా ఉన్న చెట్ల వరస కలపడానికి. ఆ వరస మధ్యలో నరికితే ఉడతకైనా ఏనుగుకైనా దారి తెగిపోతుంది. ఒడిశా గజపతి జిల్లాలోని లఖారీ లోయ నుంచి సరిహద్దు దాటి శ్రీకాకుళం పొలాల్లోకి ఏనుగులొచ్చిన రోజుల్లో ‘అడవి వదిలి ఊళ్ల మీద పడ్డాయి’ అన్నారు. వాటికి అడవి ఎక్కడ ఆగి మన వరి ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత ఏదీ లేదు. నాకిది బాధ కలిగించే విషయం. ఆ రాత్రుల్లో రైతు పడిన టెన్షన్ కూడా నేను చూశాను.

మీ అమ్మాయితో ఒక లెక్క చేయించండి. అడవి అంచున ఎండ, గాలి, కలుపు ఎక్కువ. అవి లోపలికి 50 మీటర్లు చొచ్చుకొస్తాయనుకోండి. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న అడవి 100 హెక్టార్లు. దానిలో 81 హెక్టార్లు అసలైన లోపలి అడవిగా మిగులుతుంది. అదే 100 హెక్టార్లని హెక్టారు చొప్పున వంద చదరపు తునకలుగా విడివిడిగా ఉంచితే లోపలి అడవి ఎంత? సున్నా. చెట్ల లెక్క అంతే ఉంటుంది, నీడనే నమ్ముకున్న జీవికి ఇల్లుండదు. క్లాసులో బోర్డు మీద ఆ సున్నా రాసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

ప్రశ్న: పోడు వల్ల అడవి పోతోందని అందరూ అంటారు. మీరు దాన్ని కూడా మొజాయిక్ అంటారా?
– ఒక పాఠకుడు, పాతపట్నం

జవాబు: అంటాను, ఒక షరతు మీద. మహేంద్రగిరి దారిలో ఏదో ఒక మలుపు దగ్గర ఆగి కిందికి చూడండి. సవర గిరిజనులు రాయి మీద రాయి పేర్చి కట్టిన వరి మడులు, ఈ ఏడు కొట్టిన పోడు, దాని పక్కన రెండేళ్ల పొద, దానిపైన పదేళ్ల చెట్లు, మధ్యలో నరక్కుండా వదిలిన ఇప్ప, చింత. సామలు, కందులు, చోళ్లు ఒకే మడిలో. రాతి మొజాయిక్‌లో ముక్క కదలదు. ఇక్కడ ముక్కలు చోటు మారుతుంటాయి, ఈనాటి పోడు పదిహేనేళ్లకి అడవవుతుంది. ఆ పదిహేనేళ్లూ ఇవ్వాలి, నా షరతు అదే. రెండు మూడేళ్లకే మళ్లీ నిప్పు పెడితే మట్టి గెడ్డలోకి పోయి కొండకి ఎముకలే మిగులుతాయి.

కానీ పోడుని తిట్టేవాళ్లు ఒకే చెట్టుతో నింపేసిన కొండని చూసి ‘పచ్చగా ఉంది’ అని సంతోషిస్తారు. దానికి నేను ఒప్పుకోను. కొండంతా జీడే, కొండంతా నీలగిరే అయితే అది ఒకే రంగు చిప్స్ పోసిన గచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క తుఫానుకే నేలమట్టమయ్యాయి. మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. నాలుగు రకాల పంటలున్నవాడికి ఏదో ఒకటి మిగులుతుంది.

పొలాల మధ్యే జీవం ఎలా నిలుస్తుందో చూడాలంటే గంజాం జిల్లాలో అస్కా దగ్గరి బేట్నయి వైపు వెళ్లండి. కృష్ణజింకలు చేలల్లో తిరుగుతుంటాయి. ఊరివాళ్లు వాటిని కొట్టరు, అవి చేలోకొస్తే వాన పడుతుందని పెద్దల నమ్మకం. చుట్టూ ఉన్న మనుషుల మనసు కూడా మ్యాట్రిక్స్‌లో భాగమేనని నాకు అక్కడే అర్థమైంది.

ప్రశ్న: సవరల ఇళ్లల్లో గోడల మీద వేసే బొమ్మలు మొజాయిక్ అవుతాయా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: కావు బాబూ. అవి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి కలిపిన తెల్లరంగుతో వేసిన చిత్రాలు. ముక్కలు పేర్చితేనే మొజాయిక్.

ప్రశ్న: మా పాత మొజాయిక్ గచ్చు మాసిపోయి, ఒకచోట పగిలింది. తీసేసి టైల్స్ వేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తీయకండి, దయచేసి. ఆ చిప్స్ మళ్లీ అలా పడవు. మరక పోతుందని బాత్రూమ్ యాసిడ్ మాత్రం పొయ్యకండి. పాలరాయి సున్నపు జాతి రాయి, యాసిడ్ తగిలితే నురగలొచ్చి కరుగుతుంది, గచ్చు గరుకు తేలుతుంది. చింతపండు, నిమ్మరసం కూడా వద్దు. పగులు పొడవునా సన్నగా చెక్కించి, అదే రంగు వైట్ సిమెంట్లో అవే సైజు చిప్స్ కలిపి పూడ్పించండి. వారం రోజులు తడి గోనె కప్పి, తర్వాత నీళ్లు పోస్తూ మెషిన్ పాలిష్ పట్టించండి. పొడిగా పట్టిస్తే ఆ ధూళి మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మా నాన్న చివరి పదేళ్లూ దగ్గుతూనే ఉన్నాడు. బకెట్ నీళ్లు పక్కన మీరే పెట్టి, అయిపోతే మళ్లీ నింపండి.