రెండు పుంగనూరు ఆవులు, 353 రూపాయల మిగులు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. అద్దెతో కలిపి నెల ఖర్చు 46,000. భార్య, ఇద్దరు పిల్లలు. ఊర్లో అమ్మానాన్న, రెండెకరాల పొలం ఉన్నాయి. పుంగనూరు జాతి చూడి ఆవులు రెండు 7 లక్షలకు వస్తున్నాయి. బ్యాంకులో దాచిన లక్షకు తోడు, 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకు 3.5 లక్షల పర్సనల్ లోన్, మా ఆవిడ నగల మీద 10 శాతానికి 2.5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. పుట్టే దూడలను ఒక్కొక్కటి లక్షన్నరకు తామే కొంటామని అమ్మేవాళ్లు స్టాంపు పేపరు మీద రాసిస్తామంటున్నారు. నాన్న అప్పుడే కొట్టం బాగుచేయించి కొత్త పలుపుతాళ్లు కూడా తెచ్చాడు. దూడలు అమ్మి అప్పు తీర్చేయొచ్చు కదా? పీఎఫ్‌లోంచి కొంత తీయమంటారా?

జవాబు: పలుపుతాళ్లు ఉంచండి. ఆవులు మాత్రం ఇప్పుడు వద్దు.

పశువుల సంగతి నేను మామూలుగా పశువైద్యులకే వదిలేస్తాను. కానీ 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాక ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తున్నాయి. అన్నింట్లోనూ ఒకటే తప్పు. ఆవు గురించి బోలెడంత రాస్తారు, చేతిలో ఉన్న డబ్బు గురించి ఒక్క ముక్క. మీరూ అంతే: ‘బ్యాంకులో దాచిన లక్ష’. ఆరుగురున్న కుటుంబానికి అత్యవసర నిధి అదొక్కటే. దాన్ని మీరు ఆవుల అడ్వాన్సు కింద లెక్కేశారు.

మీ అంకెలతోనే చూద్దాం. పర్సనల్ లోన్‌కు ఈఎంఐ దాదాపు 9,564. నగల మీద వడ్డీ నెలకు 2,083. రెండూ కలిపి 11,647. జీతంలో మీకు మిగిలేది 12,000. అంటే ఆవులు వచ్చాక మీ చేతిలో ఉండేది 353 రూపాయలు. తవుడు, నూనెగింజల చెక్క, ఎండుగడ్డి, డాక్టరు సూది అన్నీ అందులోంచే. పచ్చిగడ్డి పొలంలోంచి వచ్చినా తవుడు బస్తా ఎవరూ ఊరికే ఇవ్వరు. నగల అప్పులో మీరు కట్టేది వడ్డీ మాత్రమే. ఏడాది తిరిగేసరికి 2.5 లక్షల అసలు అలాగే ఎదురుగా నిలబడి ఉంటుంది. అది కట్టలేక తిరగరాయించుకుంటూ పోయి, చివరికి నగలు వేలానికి పోగొట్టుకున్న ఇళ్లు చాలా చూశాను. మీ ఆవిడకు ఈ లెక్క చూపించారా?

ఇక దూడలు. ఆవులు చూడివే అయితే మొదటి ఈత త్వరగానే వస్తుంది, సరే. ఆ తర్వాత మళ్లీ ఎదకు రావాలి, చూడి కట్టాలి, తొమ్మిది నెలలు మోయాలి. అన్నీ సవ్యంగా జరిగినా ఏడాది దాటుతుంది. ఈఎంఐకి ఎద, చూడి అని ఉండవు, ప్రతి నెలా ఐదో తారీఖున ఈనుతుంది.

ఆ స్టాంపు పేపరు ముందు పూర్తిగా చదవండి. ఇలాంటివి నేను రెండు చూశాను. రెండింట్లోనూ ‘ఎదిగాక ఫలానా ఎత్తు మించకపోతేనే’ అనే మాట కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. పుంగనూరు ఆవు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. ఇప్పుడు దాని ధరంతా ఆ పొట్టితనంలోనే ఉంది. ఎంత పొట్టిదైతే అంత రేటు. కానీ ఆరు నెలల దూడను చూసి అది ఎంత ఎదుగుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. తల్లిని మించి పెరిగే దూడలూ ఉంటాయి. అంటే కొనాలా వద్దా అని రెండు మూడేళ్ల తర్వాత తేల్చుకునే వీలు అమ్మినవాడికి ఉంది. అన్నాళ్లూ మేపాల్సింది మీ నాన్నగారు.

పాల మీద ఆశ పెట్టుకోవద్దు. వెన్న 8 శాతం దాకా ఉంటుందన్నది నిజమే కానీ పాలు తక్కువ. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లని అమ్మేవాళ్లు చెబుతారు. రెండు పూటలా దగ్గర కూర్చుని, పితికిన పాలు కొలిచాకే నమ్మండి.

ఈము పక్షులు గుర్తున్నాయా? పక్షులు కొనండి, గుడ్లు మేమే కొంటాం అని వాటిని అమ్మినవాళ్లు అన్నారు. 2012 ప్రాంతంలో కొనేవాళ్లు మాయమయ్యాక దాణా పెట్టలేక పక్షులను వదిలేసిన రైతులున్నారు. అప్పటి నా క్లయింట్ ఒకాయన ఫ్రిజ్ మీద గాజు గిన్నెలో నాలుగు ఈము గుడ్లు పెట్టుకున్నారు. ముదురు ఆకుపచ్చ రంగు, చూడ్డానికి భలే ఉండేవి. వాటి అప్పు మాత్రం 2017 దాకా కట్టారు.

పుంగనూరు ఆవు ఈము కాదు, ఒప్పుకుంటాను. మన చిత్తూరు నేల జాతి, తక్కువ మేతతో ఎండకు తట్టుకుని బతుకుతుంది. అంతరించిపోయే దశలో పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుకొచ్చింది. ఆవుతో నాకు పేచీ లేదు, అప్పు తెచ్చి కొనడంతోనే.

మళ్లీ ఆ లక్ష దగ్గరికే వస్తాను, విసుక్కోకండి. ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటే ఇప్పుడు మీకు 2,76,000 కావాలి. ఈ అప్పులు చేశాక అదే లెక్క 3,45,882 అవుతుంది. అవసరం పెరిగింది, ఉన్న లక్ష సున్నా అయింది. రాత్రి పదకొండింటికి అమ్మగారికి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. ఆస్పత్రి కౌంటర్లో యాభై వేలు కట్టమంటారు. అప్పుడు ఆవును సగం అమ్మలేరు. మొత్తం అమ్ముదామన్నా, మీ తొందర తెలిసినవాడు మూడున్నర లక్షల ఆవును ఎంతకు అడుగుతాడో మీ నాన్నగారినే అడగండి. మీ ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న ఉన్నారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. హెచ్‌ఆర్‌ను ఈ వారమే కనుక్కోండి. లేకపోతే వాళ్లకు విడిగా పాలసీ తీసుకోవడమే మొదటి పని.

ఆవుకు బీమా ఉంటుంది కదా అనొచ్చు. చెవికి ట్యాగు లేకపోతే క్లెయిమ్ రాదు. విలువ కట్టేటప్పుడు పాల దిగుబడి చూస్తారు తప్ప ఫొటోలో ఎంత ముద్దుగా ఉందో చూడరు. మీరు పెట్టిన ధరంతా బీమాలో తిరిగి వస్తుందనుకోవద్దు.

పీఎఫ్ ముట్టుకోవద్దు. పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు వడ్డీ తక్కువే కానీ, అది మేత, మందుల ఖర్చులకే, ఆవు కొనడానికి కాదు.

నెలకు మిగిలే 12,000 రికరింగ్ డిపాజిట్లో వేయండి. ఉన్న లక్షతో కలిపి పదిహేను నెలల్లో 2,76,000 దాటుతుంది. అమ్మానాన్నల ప్రీమియం అందులోంచే కడితే ఇంకో రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఆ తర్వాత కూడబెట్టిన డబ్బుతో ఒక్క పెయ్య దూడను కొనండి, అప్పు లేకుండా. ఈలోగా నాన్నగారిని పలమనేరు పంపి జాతి ఎలా గుర్తుపట్టాలో అడిగి రమ్మనండి. అప్పటికి ధర దిగితే మీకే మంచిది, పెరిగితే ఇంకొన్ని నెలలు ఆగుతారు, అంతే.

ఆ స్టాంపు పేపరు నకలు ఇస్తే నాకూ ఒకటి పంపండి. ఎన్ని అంగుళాల దగ్గర గీత గీశారో చూస్తాను.