నీ హీరో అంత తొందరగా చావడు

తమ్ముడూ,

కథ రాత్రే చదివేశా, చదివాక కోపం వచ్చి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నా. ఉదయం షిఫ్టులో హీరోకి రేడియేషన్ తగిలింది, మధ్యాహ్నానికి చర్మం కరిగింది, సాయంత్రం చీకట్లో ఆకుపచ్చగా వెలిగాడు, రాత్రికి భార్య చెయ్యి పట్టుకుని పేజీన్నర డైలాగ్ చెప్పి పోయాడు, ఆ చెయ్యి పట్టుకున్నందుకు ఆమెకీ జబ్బు అంటించావు. ఏంటయ్యా ఇది?

మనిషి వెలగడు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వెలిగింది సీసియం పొడి, పాత రేడియోథెరపీ మెషీన్‌లోంచి బయటపడింది. నీలంగా మెరుస్తోందని జనం ముచ్చటపడి ఇళ్ళకి పట్టుకెళ్ళారు, నలుగురు చనిపోయారు. అలాంటి పొడి ఒంటికో బట్టలకో అంటితే పక్కవాళ్ళకీ ప్రమాదమే, కానీ నీ హీరోకి తగిలింది గామా కిరణాలు. అవి ఒంట్లోంచి దూసుకుపోయాక వాడి చెయ్యి పట్టుకున్నంత మాత్రాన భార్యకి ఏ జబ్బూ రాదు.

సరే, ఇవి దిద్దుకోవచ్చు. నాకు మండింది వేరే. అసలు కథ ఉన్న రోజులే నువ్వు ఎగరగొట్టేశావు.

రేడియేషన్ జబ్బులో మొదట వాంతులు. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఫస్ట్ వాంతి ఎప్పుడైంది?" అని, ఎందుకంటే ఎంత తొందరగా అయితే డోస్ అంత ఎక్కువన్నమాట. తర్వాత డోస్ మరీ ఎక్కువ కాకపోతే వాంతులు ఆగిపోతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, అన్నం తింటాడు, ఇంటికెళ్తానని గొడవ చేస్తాడు, వారం రెండు వారాలు అలాగే ఉంటాడు, చూడ్డానికొచ్చినవాళ్ళు "ఏం కాలేదులే" అని వెళ్ళిపోతారు. లోపల మాత్రం ఎముక మజ్జ దెబ్బతిని కొత్త రక్తకణాలు తయారవ్వట్లేదు. ప్లేట్‌లెట్ బతికేది పది రోజుల లోపే, పాత స్టాకు అయిపోయేదాకా బయటికి ఏమీ తెలీదు. రక్తపరీక్షలో మాత్రం లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య మొదటి రెండ్రోజుల్లోనే పడిపోతుంది. అంటే పేషెంట్ నవ్వుతూ టీ అడుగుతున్నప్పుడు డాక్టర్ చేతిలో ఆ రిపోర్ట్ ఉంటుంది. ఆ సీన్ రాయాలి నువ్వు! ఆ తర్వాతే జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం, జుట్టు ఊడటం. వైద్యం లేకపోతే 4 గ్రే (ఒంట్లోకి చేరిన రేడియేషన్ డోస్‌ని కొలిచే యూనిట్) దగ్గర సుమారు సగం మంది రెండు నెలల్లో పోతారు, మిగతా సగం బతుకుతారు, వాళ్ళ గురించి ఎవడూ రాయడు.

నేనొకసారి ఇలాంటి వార్డు కథే రాశా, తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ని పట్టుకుని రిపోర్ట్ ఎలా ఉంటుందో విసిగించి మరీ తెలుసుకుని. ఒక ఎడిటర్ గారు మధ్య భాగం మొత్తం లేపేసి వేశారు. అడిగితే "అక్కడ ఏమీ జరగట్లేదు కదండీ" అన్నారు. ఇప్పటికీ మంట తగ్గలేదు. వీళ్ళకి మొదటి పేరాలో శవం కావాలి, చివరి లైన్లో ట్విస్ట్ కావాలి, మధ్యలో మనిషి అక్కర్లేదు.

చర్మం కాలడానికీ టైం పడుతుంది. 1999లో పెరూలోని యనాంగోలో ఒక వెల్డర్ కింద పడున్న చిన్న లోహపు ముక్క దొరికితే ప్యాంటు వెనక జేబులో వేసుకుని పని చేసుకున్నాడు. అది రేడియేషన్ వెదజల్లే ఇరిడియం సోర్స్. ముందు తొడ నొప్పి, తర్వాత ఎర్రబడటం, తర్వాత పుండు, చివరికి కాలే తీసేయాల్సొచ్చింది. నువ్వు ఒక పూటలో కరిగించేశావు.

డోస్ విపరీతమైతే తొందరగా పోరా అంటావేమో. అమెరికాలో అణుబాంబులు తయారుచేసిన లాస్ అలమోస్ ల్యాబ్‌లో 1946 మే 21న ఒక ప్రయోగం చేస్తుండగా లూయిస్ స్లోటిన్ అనే భౌతిక శాస్త్రవేత్త చేతిలో స్క్రూడ్రైవర్ జారి, బాంబులో వాడే ప్లుటోనియం కోర్ మీద పైమూత పడింది. అది ఘోరమైన డోస్, అయినా పోయింది మే 30న. ఈలోగా అమ్మానాన్నలు వచ్చి చూసుకున్నారు.

డోసిమీటర్ బ్యాడ్జీని (ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది) టేబుల్ మీద పెట్టే వాక్యం బాగుంది, మామూలుగా దాన్ని ఇంటికి పట్టుకెళ్ళనివ్వరనుకో. కలంపేరు, ఏ పత్రికకి పంపాలి, అవన్నీ తర్వాత చూద్దాం. ముందు ఆ మధ్య రెండు వారాలు రాసి పంపు, ఫొటోలు తీసి కాదు, టైప్ చేసి. ఆ చివరి డైలాగ్ కొట్టెయ్, అప్పటికి వాడి నోరంతా పుండ్లుంటాయి, మంచినీళ్ళు మింగడమే కష్టం, పేజీన్నర ఎలా మాట్లాడతాడు?