ఫోను ఉండగా సీబీ రేడియో దేనికి?

ప్రశ్న: అమెరికాలో కొత్తగా ట్రక్కు ఎక్కబోతున్నాను. సీబీ రేడియో కొనాలాండీ?

జవాబు: కొనండి. ఇది దగ్గర్లోని డ్రైవర్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే రేడియో. ముందు లేన్ మూసేశారనో, టైరు ముక్కలు పడున్నాయనో ఎదురొచ్చే డ్రైవర్లు 19వ ఛానల్లో అప్పటికప్పుడు చెబుతారు. (మధ్యలో బూతులూ వినాల్సొస్తుంది లెండి.) లైసెన్సు అక్కర్లేదు. మామూలుగా మాట్లాడే ఏఎం పద్ధతిలో ప్రసార శక్తికి అనుమతి 4 వాట్లే కాబట్టి ఖరీదైన రేడియో కన్నా మంచి యాంటెన్నా మేలు. బిగించాక 1, 40 ఛానళ్లలో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూడండి, 2 దాటకూడదు. 40లో ఎక్కువగా ఉంటే యాంటెన్నా పొడవు కాస్త తగ్గించాలి, 1లో ఎక్కువైతే పెంచాలి. రెండింటిలోనూ 3 దాటితే సాధారణంగా గ్రౌండ్ లోపమే, అంటే యాంటెన్నాకు ట్రక్కు ఇనుముతో సరిగా కనెక్షన్ లేదన్నమాట: యాంటెన్నా మౌంటు కింద పెయింటు గీకి, ఇనుముకు ఆనేలా బిగించండి. యాంటెన్నా తగిలించకుండా మైకు బటన్ మాత్రం నొక్కకండి, లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే గరగరను ఆపే నాబ్) ఆ చప్పుడు ఆగేదాకా తిప్పితే చాలు. మరీ తిప్పితే దూరపు మాటలు వినబడవు.