కిడ్నీ మార్పిడి అయినవారికి రెప్ప వాస్తే కంటికురుపే అనుకోవచ్చా?

అమ్మగారికి షుగరు ఉంది, కిడ్నీ మార్పిడి కూడా అయింది. ఎడమ పైరెప్ప వాచి రెండు రోజులైంది, నొప్పి పెద్దగా లేదు, కాపడం పెడితే చాలా అని అడిగారు. నొప్పి లేదన్న మాటకే కంగారుపడాలి. మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే ట్యాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడేవారిలో ఎర్రబడటం, చీము పట్టడం, జ్వరం రావడం అన్నీ మందగిస్తాయి. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి వాపొక్కటే కనపడొచ్చు.

మామూలు కురుపు రెప్ప అంచున, వెంట్రుక మొదట్లో గింజలా తగులుతుంది. ముట్టుకుంటే అక్కడే నొప్పి. రెప్పంతా ఉబ్బి ఉంటే మాత్రం ఇప్పుడే వెలుతురులో కూర్చోబెట్టండి. రెప్పను మెల్లగా ఎత్తి, తల కదపకుండా మీ వేలి వెంట చూపు తిప్పమనండి. కన్ను ఏ వైపైనా ఆగిపోతోందా, వేలు రెండుగా కనపడుతోందా, గుడ్డు ముందుకొచ్చినట్టుందా చూడండి. దూదితో రెండు బుగ్గలూ తాకి, వాచిన వైపు మొద్దుబారిందేమో అడగండి. నోరు తెరిపించి ఫోన్ టార్చితో అంగిలి మీద నల్లటి మచ్చ ఉందేమో వెతకండి. ముక్కులోంచి నలుపు గానీ రక్తపు జీర గానీ వస్తోందా? వీటిలో ఒక్కటున్నా ఈ రాత్రే కంటి, ఈఎన్‌టీ డాక్టర్లిద్దరూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా రేపు పొద్దున్నే చూపించాలి.

భయం మ్యూకర్ గురించి. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం బారులు తీరిన బ్లాక్ ఫంగస్ ఇదే. కరోనాకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. సైనస్‌లో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో మొదలై రక్తనాళాల్లోకి చొరబడి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. కాబట్టి నలుపు కనపడే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

ముక్కులోంచి తీసిన కండ ముక్కకు కేఓహెచ్ పరీక్ష (పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూడటం) చేస్తే ఫంగస్ పోగులు అదే రోజు తెలుస్తాయి. మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి, సాధారణంగా కిలోకు రోజుకు 5 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి 50 మి.గ్రా. వయల్స్ 6. దీన్ని 5% డెక్స్‌ట్రోజ్‌లోనే కలుపుతారు, సెలైన్‌లో కలిపితే మందు విరిగిపోతుంది. ఈ మందు కిడ్నీని దెబ్బతీయొచ్చు గనక రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం, మెగ్నీషియం తరచుగా చూస్తుండాలి. చచ్చిన కండలోకి మందు చేరదు గనక దాన్ని ఆపరేషన్ చేసి తీసేయక తప్పదు. తర్వాత పోసాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు మొదలుపెట్టేటప్పుడే చాలామంది పొరబడతారు. అది రక్తంలో ట్యాక్రోలిమస్‌ను బాగా పెంచేసి, మార్చిన కిడ్నీకే ముప్పు తెస్తుంది. ట్యాక్రోలిమస్ డోసు దాదాపు మూడోవంతుకు తగ్గించి, రక్తపరీక్షతో సరిచూస్తూ ఉండాలి. అందుకే కంటి డాక్టరునూ కిడ్నీ డాక్టరునూ ఫోన్లో కలపండి.

నుదుటి మీద, రెప్ప మీద ఒకవైపే నీటిపొక్కులుంటే అది అక్కి. ముక్కు కొస మీద పొక్కు లేస్తే కంటిలోకి పాకే అవకాశం ఎక్కువ. జాజుతో అక్కి రాయించుకుంటూ కూర్చోవద్దు. 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలవ్వాలి, ఇలాంటివారికి తరచూ నరం ద్వారా ఇస్తారు.

మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాయకండి. మార్పిడి మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. బయల్దేరేముందు వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, టైము కనపడేలా ఫోటో తీయండి. మాత్రల డబ్బాలన్నీ సంచిలో వేసుకోండి.